తోక ఆగట్లేదు, ట్రిమ్ చివరిదాకా తిప్పినా గింగిరాలే

చిన్నరెక్క:
నాలుగు చానెళ్ల చిన్న రిమోట్ బొమ్మ హెలికాప్టర్. ఒకటే రోటర్ (పెద్ద రెక్కల జత), పైన ఫ్లైబార్ అనే అడ్డ కడ్డీ, తోక చివర చిన్న మోటారు. మొదటి మూడు రోజులు బాగానే లేచింది. మొన్న గోడకి గట్టిగా తగిలి బోర్లా పడింది, అప్పటి నుంచి మొదలైంది గొడవ. నేల వదలగానే ముక్కు ఎడమకి తిరుగుతుంది. థ్రాటిల్ ఇంకొంచెం ఇస్తే బొంగరమే. కుడి ట్రిమ్ (స్టిక్ మధ్య స్థానాన్ని కాస్త పక్కకి జరిపే బటన్) ఇక నొక్కడానికి లేనంతగా నొక్కేశాను. స్టిక్ పూర్తిగా కుడికి పట్టుకుంటే కాస్త తగ్గుతుంది గానీ ఆగదు. రెక్కలు విరగలేదు, పైకి ఏ దెబ్బా కనబడట్లేదు. తోకని నిలకడగా ఉంచే గైరో పోయిందా? లోపలి సర్క్యూట్ బోర్డు మార్చాలా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

గిరగిర:
ట్రిమ్ చివరికి వెళ్లిపోతే రిమోట్, హెలికాప్టర్ రెండూ ఆపి మళ్లీ బైండ్ చెయ్యి, అంటే ఒకదానితో ఒకటి కలుపు. అక్కడి నుంచి ఇంకొంచెం ట్రిమ్ దొరుకుతుంది. నాది అలాగే దారికొచ్చింది.

పాతస్క్రూ:
బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు నాలుగు సంగతులు చెప్పు.
బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కూడా మొదటి క్షణం నుంచే తిరుగుతోందా, లేక ఒకటి రెండు నిమిషాల తర్వాతా? పై నుంచి చూస్తే పెద్ద రెక్కలు గడియారం ముల్లులా తిరుగుతాయా, ఎదురుగానా? బ్యాటరీ తగిలించేటప్పుడు హెలికాప్టర్ ఎక్కడుంటుంది? తోక మోటారు ఎగిరి దిగాక వేడిగా ఉంటోందా?
ఇవి తెలియకుండా ఎవరు ఏం చెప్పినా చీకట్లో రాయి వేయడమే.

నేలమట్టం:
నాకూ సరిగ్గా ఇదే జరిగింది. చివరికి తోక మోటారు పోయిందని తేలింది. పాతస్క్రూ గారు అడిగిన చివరి ప్రశ్న ముఖ్యం, ముట్టుకుని చూడు.

చిన్నరెక్క:
బ్యాటరీ నిండుగా ఉన్నా మొదటి నుంచే తిరుగుతోంది. రెక్కలు గడియారం ముల్లులాగే తిరుగుతాయి. బ్యాటరీ చేతిలో పట్టుకునే తగిలిస్తాను, తర్వాత నేల మీద పెడతాను. తోక మోటారు ఇప్పుడే ముట్టుకున్నా, వేలు పెట్టి ఉంచలేనంత వేడి! ఒక్క నిమిషం కూడా ఎగరలేదు.

తూనీగ:
చేతిలో పట్టుకుని తగిలిస్తున్నావా? అది ఇవాళ్టి నుంచే మానెయ్యి. కరెంటు అందిన మొదటి మూడు నాలుగు సెకన్లలో గైరో తన సున్నా ఎక్కడో చూసుకుంటుంది. ఆ సమయంలో నీ చెయ్యి కదిలితే ఆ కదలికనే "నిశ్చలం" అనుకుంటుంది. ఇక ఎగిరినంతసేపూ ఆ కదలిక కోసం తోకని తిప్పుతూనే ఉంటుంది. ముందు రిమోట్ ఆన్ చెయ్యి, థ్రాటిల్ పూర్తిగా కిందికి దించు, హెలికాప్టర్‌ని చదునైన చోట పెట్టి బ్యాటరీ తగిలించి చెయ్యి తీసెయ్యి. లైటు మిణుకుమిణుకుమనడం ఆగి నిలకడగా వెలిగేదాకా దాన్ని ముట్టుకోకు.
ట్రిమ్ కూడా మధ్యకి తెచ్చేసెయ్యి. చివరికి తిప్పిన ట్రిమ్‌తో ఆన్ చేస్తే కొన్ని బోర్డులు దాన్నే సున్నాగా తీసుకుంటాయి. అప్పుడు అసలు లోపం ఎక్కడుందో ఎన్నటికీ తెలియదు.

గిరగిర:
ట్రిమ్ మధ్యలో పెడితే ఇంకా ఎక్కువ తిరుగుతుంది కదా? నేను ట్రిమ్ లేకుండా ఒక్కసారి కూడా ఎగరేయలేదు. ట్రిమ్ ఉన్నదే అందుకు.

పాతస్క్రూ:
గిరగిరా, నీది పైనా కిందా రెండు జతల రెక్కలు ఉన్నదా?

గిరగిర:
అవును, మూడున్నర చానెళ్లది.

పాతస్క్రూ:
అదీ సంగతి. నీది కోయాక్సియల్. అందులో తోక చేసే పనే వేరు. రెండు రోటర్లూ ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి కాబట్టి ఒకటి ఒంటిని ఎడమకి నెడితే ఇంకొకటి కుడికి నెడుతుంది, లెక్క సరిపోతుంది. ముక్కు తిప్పాలంటే ఒక జత వేగం కాస్త పెంచి ఇంకో జత వేగం తగ్గిస్తుంది బోర్డు. రెండు మోటార్లు ఎప్పుడూ అచ్చంగా ఒకే బలంతో ఉండవు, అందుకే అక్కడ ట్రిమ్ నిజంగానే కావాలి. పెద్ద హెలికాప్టర్లలో కామోవ్ కంపెనీవి ఇలాంటివే, కా-50కి తోక రోటరే ఉండదు.
చిన్నరెక్కది ఒక్క రోటర్. రెక్కలు గడియారం ముల్లులా తిరిగితే ఒళ్లు దానికి ఎదురు తిరగాలని చూస్తుంది, అంటే ముక్కు ఎడమకి. దాన్ని ఆపేది తోక మోటారు ఒక్కటే. ముక్కు ఎడమకే పోతోంది, థ్రాటిల్ పెంచేకొద్దీ ఎక్కువ పోతోంది అంటే తోక బలం చాలట్లేదు. బలం లేని తోకకి ట్రిమ్ ఇస్తే ఏం లాభం? ఉన్నదంతా ముందే పిండేశాం.

గిరగిర:
రెండూ ఒకటే అనుకున్నా. నా సలహా వెనక్కి తీసుకుంటున్నా చిన్నరెక్కా.

నేలమట్టం:
పడ్డాక మెయిన్ షాఫ్ట్ (పెద్ద రెక్కల్ని తిప్పే కడ్డీ) బిగుసుకుపోయి ఉండొచ్చు కూడా. అలా బిగుసుకుంటే రోటర్ ఒంటిని తనతో లాక్కుని తిప్పేస్తుంది.

తూనీగ:
దీంతో ఒప్పుకోలేను నేలమట్టం. రోటర్ గాలిని ఎంత బలంగా తోస్తుందో అంతే బలంగా ఒళ్లు ఎదురు తిరుగుతుంది. లోపల షాఫ్ట్‌కీ బేరింగుకీ ఉన్న రాపిడి ఒంటిని ఒకవైపు లాగితే, ఆ రాపిడిని గెలవడానికి మోటారు పెట్టే అదనపు బలం రెండోవైపు లాగుతుంది. లోపలి లెక్క లోపలే సరి. బిగుసుకుంటే బ్యాటరీ తొందరగా అయిపోతుంది, మోటారు వేడెక్కుతుంది, అంతేగాని ముక్కు తిరగదు. రెక్క అంచు చీలినా, మెలిపడినా మాత్రం తిరుగుతుంది. అప్పుడు అదే ఎత్తుకి లేవడానికి గాలితో ఎక్కువ కుస్తీ పట్టాలి కాబట్టి తోకకి పని పెరుగుతుంది.

నేలమట్టం:
నిజమే, ఆ కోణంలో ఆలోచించలేదు. అయితే రెక్కల అంచులు గోటితో తడిమి చూడమని నా సలహా మార్చుకుంటున్నా.

లిపోరాణి:
బ్యాటరీ కొలిచావా చిన్నరెక్కా? "నిండుగా ఉంది" అని చార్జర్ లైటు చెప్పడం వేరు, మీటర్ చెప్పడం వేరు. ఒక సెల్ లిపో బ్యాటరీ నిండితే 4.2 వోల్టులు. 4.1 దగ్గరే ఆగిపోతుంటే సెల్ ముసలిదైనా అయ్యుండాలి, చార్జరైనా సరిగ్గా పనిచేయట్లేదు. కనెక్టర్ కూడా చూడు. పిన్నులు వదులైతే మీటర్లో 4.2 చూపించినా ఎగిరేటప్పుడు కరెంటు అందదు, ముందు నీరసించేది తోకే.

చిన్నరెక్క:
వరసగా చేశాను.
చదును నేల మీద పెట్టి, ట్రిమ్ మధ్యలో పెట్టి, లైటు నిలిచేదాకా ఆగాను. తేడా ఉంది! నేల మీద ఉన్నప్పుడు తోక ఊరికే గుర్రుమనడం పోయింది. కానీ లేవగానే మళ్లీ ఎడమకే.
బ్యాటరీ 4.18. కనెక్టర్ గట్టిగానే ఉంది.
రెక్కల అంచులు నున్నగా ఉన్నాయి, ఒకదాని కొసన చిన్న గీత తప్ప.

పాతస్క్రూ:
అయితే తోక దగ్గరికే వెళ్దాం. బ్యాటరీ తీసేసి చెయ్యి.
తోక రెక్కని వేలితో చిన్నగా మీటు. ఆరోగ్యంగా ఉన్న మోటారైతే ఒకటి రెండు చుట్లు తిరిగి, లోపలి అయస్కాంతాల వల్ల చిన్న చిన్న కుదుపులతో ఆగుతుంది. నీది మీటిన వెంటనే టక్కున ఆగిపోతే ఏదో పట్టుకుంది.
తర్వాత తోక రెక్క మీదా, మోటారు కడ్డీ కొస మీదా కలిసేలా మార్కర్‌తో ఒక సన్న గీత పెట్టు. బ్యాటరీ తగిలించి, స్కిడ్లు (కింది కాళ్లు) నేలకి గట్టిగా అదిమి పట్టి, ముఖం దూరంగా పెట్టి, అయిదు సెకన్లు థ్రాటిల్ ఇవ్వు. ఆపి చూడు. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే రెక్క కడ్డీ మీద జారుతోంది, పడినప్పుడు వదులైంది. గీత కలిసే ఉంటే మోటారు సంగతి.
ఇంకో మాట, రెక్కకీ మోటారుకీ మధ్య సందులోకి టార్చి వేసి చూడు. తివాచీ మీద ఎగరేస్తున్నావా?

చిన్నరెక్క:
తివాచీ మీదే! మెత్తగా ఉంటుంది, పడినా దెబ్బ తగలదని.

తూనీగ:
అయితే నాకు జవాబు తెలిసిపోయింది, కానీ నువ్వే చూసి చెప్పు.

చిన్నరెక్క:
దొరికింది!!
మీటితే టక్కున ఆగిపోయింది. గీత మాత్రం కలిసే ఉంది. ఫోన్ లైటు పెట్టి సందులోకి చూస్తే మొదట ఏమీ కనబడలేదు, నల్లటి ప్లాస్టిక్ రింగులాంటిదేదో ఉందంతే. అది మోటారులో భాగమే అనుకున్నా. అనుమానం వచ్చి తోక రెక్కని మెల్లగా బయటికి లాగాను. ఆ రింగు మీద సూది మొన పెట్టి గీకితే ఒక పోగు లేచింది. అది రింగు కాదు, వెంట్రుక! కడ్డీ చుట్టూ ఎంత బిగుతుగా చుట్టుకుందంటే మెరుస్తోంది కూడా. కొస దొరకబుచ్చుకుని ఒక్కో చుట్టే విప్పాను, మూరెడు పైనే వచ్చింది. దాని కింద బూడిదరంగు తివాచీ పోగులు, వేడికి అంటుకుపోయి గట్టిపడ్డాయి. వాటిని పట్టకారుతో ముక్కలు ముక్కలుగా తీయాల్సి వచ్చింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఇప్పుడు మీటితే తిరుగుతోంది, పాతస్క్రూ గారు చెప్పినట్టే కుదుపుతూ ఆగుతోంది.
రెక్క తిరిగి నొక్కేశాను, బ్యాటరీ చార్జింగులో ఉంది.

గిరగిర:
ఆ మూరెడు వెంట్రుక ఎవరిదో ముందు కనుక్కో, ఇంట్లో పెద్ద కేసే అవుతుంది 😄

పాతస్క్రూ:
చాలా బాగా చూశావు. చాలామంది దాన్ని మోటారు భాగమే అనుకుని మోటారు మార్చేస్తారు. కొత్త మోటారుకీ వారంలో అదే గతి పడుతుంది.
రెక్క తిరిగి పెట్టేటప్పుడు మోటారుకి మరీ ఆనించకు, కాగితం మందమంత సందు వదులు. లేకపోతే ఒరుసుకుంటుంది. ఏ ముఖం ఎటు ఉందో కూడా గుర్తుందా? తిరగేసి పెడితే గాలి తోయడం బాగా తగ్గిపోతుంది, మళ్లీ మొదటికొస్తావు.
అంత వేడి తిన్నాక ఆ మోటారు ఎక్కువ కాలం ఉండకపోవచ్చు. ఈ చిన్న వాటిలో కార్బన్, లోహపు బ్రష్‌లు అరుగుతూ ఉంటాయి, వేడికి ఇంకా తొందరగా. ఒకటి అదనంగా పెట్టుకో.

చిన్నరెక్క:
నిలబడింది! ట్రిమ్ సరిగ్గా మధ్యలో ఉంది, ముక్కు కదల్లేదు. బోర్డు మార్చి ఉంటే ఏమయ్యేది! అందరికీ చాలా థాంక్స్.
కానీ ఇప్పుడు ఇంకోటి. తోక ఆగాక చూస్తే అసలు హెలికాప్టరే ఎడమకి జారిపోతోంది. ఆపితే గుండ్రంగా చుట్టడం మొదలెడుతుంది, చుట్టు పెద్దదవుతూ పోతుంది. ఒంట్లో సన్న వణుకు కూడా ఉంది, స్కిడ్ల అంచులు మసకగా కనిపిస్తున్నాయి. ఇది ముందు నుంచీ ఉందో, గింగిరాల్లో కనబడలేదో తెలియదు.

తూనీగ:
మూడు వేర్వేరు సంగతులు, విడివిడిగా చూడాలి.
ఎడమకి జారడం కొంత సహజం. ఒంటిని తిరగకుండా ఆపడానికి తోక మోటారు తోకని ఎడమకి తోస్తోంది కదా, ఆ తోపు మొత్తం హెలికాప్టర్‌ని కూడా ఎడమకి జరుపుతుంది. అందుకే రెక్కలు గడియారం ముల్లులా తిరిగే ఒక రోటర్ హెలికాప్టర్లు గాల్లో నిలబడినప్పుడు కుడివైపు కొద్దిగా వాలి ఉంటాయి. రెండు మూడు నొక్కుల కుడి ట్రిమ్ ఇక్కడ న్యాయమే. ముక్కు తిప్పే ట్రిమ్ కాదు, పక్కకి వాల్చే స్టిక్ ట్రిమ్.

గిరగిర:
అంటే ఇక్కడ ట్రిమ్ వాడొచ్చు. ఇప్పుడు అర్థమవుతోంది.

నేలమట్టం:
గుండ్రంగా చుట్టడం మాత్రం పెద్ద రెక్కల స్క్రూలు వదులు కావడం వల్లే. పడినప్పుడు వదులై ఉంటాయి. రెండూ గట్టిగా బిగించు.

పాతస్క్రూ:
వద్దు, వద్దు! బిగించకు చిన్నరెక్కా. నేలమట్టం, ఏమనుకోకు, దీంట్లో సరిగ్గా తిరగబడి ఉంది సంగతి.
తిరిగేటప్పుడు రెక్కలు బయటికి లాగే బలానికి వాటంతట అవే తిన్నగా నిలుస్తాయి. స్క్రూ బిగిస్తే రెక్క ఒక కోణంలో ఇరుక్కుంటుంది. రెండు రెక్కలూ ఒకే గీత మీద ఉండవు, బరువు ఒక పక్కకి పోతుంది, వణుకు పుడుతుంది. హెలికాప్టర్‌ని పక్కకి వాల్చి పట్టుకుంటే రెక్క తన బరువుకే మెల్లగా కిందికి వాలాలి. అంత వదులు చాలు. లటలటలాడకూడదు, కరుచుకుని ఉండకూడదు.
నా మొదటి హెలికాప్టర్‌కి నేనే స్క్రూలన్నీ బిగించి రెండు వారాలు బాధపడ్డాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

నేలమట్టం:
నాది బిగించాకే నయమైంది మరి.

పాతస్క్రూ:
నీది లటలటలాడే స్థితి నుంచి సరైన స్థితికి వచ్చి ఉంటుంది. "గట్టిగా" అన్న మాటకే నా అభ్యంతరం.

నేలమట్టం:
అది కావచ్చు, ఒప్పుకుంటా.

ఎండమావి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది చిన్న రెండు రోటర్లది. ఇంట్లో బంగారంలా ఎగురుతుంది, బయటికి తీసుకెళ్తే రిమోట్ మాటే వినదు. పాడైపోయిందా?

లిపోరాణి:
రిమోట్ ముందు భాగంలో చిన్న నల్లటి బల్బులు ఉన్నాయా? టీవీ రిమోట్‌లాగా?

ఎండమావి:
అవును, మూడు.

లిపోరాణి:
అది ఇన్‌ఫ్రారెడ్. ఎండలో అదే రకం వెలుగు బోలెడంత ఉంటుంది, రిమోట్ మాట అందులో మునిగిపోతుంది. చెడిపోలేదు, ఇంట్లోనే ఎగరెయ్యి. బయట కావాలంటే 2.4 గిగాహెర్ట్జ్ రేడియోది చూసుకో. అదైనా అంత తేలికైనది చిన్న గాలికే కొట్టుకుపోతుంది.

ఎండమావి:
హమ్మయ్య. థాంక్స్ అక్కా.

చిన్నరెక్క:
రెక్కలు చూశాను. ఒకటి వాలుతోంది, ఇంకొకటి కదలనే లేదు. స్క్రూ పావు చుట్టు వదులు చేశాక రెండూ ఒకేలా వాలుతున్నాయి. గుండ్రాలు చాలా తగ్గాయి! వణుకు మాత్రం అలాగే ఉంది.

తూనీగ:
అయితే షాఫ్ట్ చూడాలి. బోర్లా పడింది అన్నావు కదా, బోర్లా పడితే మొదట దెబ్బ తినేది అదే. స్టీలుదైతే వంగుతుంది, కార్బన్‌దైతే చీలుతుంది. బయటికి తీసి అద్దం మీద వేలితో దొర్లించు, వెనక నుంచి వెలుతురు పడాలి.

పాతస్క్రూ:
షాఫ్ట్ తీసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకో. ముఖ్యంగా స్వాష్‌ప్లేట్ (రెక్కల కోణం మార్చే పళ్లెం) నుంచి సర్వోలకి (దాన్ని కదిపే చిన్న మోటార్లకి) వచ్చే చిన్న కడ్డీలు ఏది ఏ గుండుకి తగిలి ఉందో. ఒక్కటి అటుదిటైనా లేవగానే పక్కకి పల్టీ కొడుతుంది.

చిన్నరెక్క:
తీశాను. కళ్లతో చూస్తే గీత గీసినట్టు తిన్నగా ఉంది. అద్దం మీద పెట్టి, కళ్లు బల్ల మట్టానికి దించి, వేలితో ముందుకు తోశాను. షాఫ్ట్ కింద నల్లటి సన్న గీత ఉంది. అర చుట్టు తిరిగేసరికి మధ్యలో వెలుతురు తెరుచుకుంది, పేపర్ పట్టేంత. ఇంకో అర చుట్టుకి మూసుకుపోయింది. మళ్లీ తోస్తే మళ్లీ అక్కడే. దొర్లేటప్పుడు టక్ టక్ అని చిన్న చప్పుడు కూడా వస్తోంది.
సరి చేయొచ్చా, కొత్తది వేయాలా?

నేలమట్టం:
కొత్తదే. చేత్తో తిన్నగా చేద్దామని నేను రెండు సార్లు ప్రయత్నించాను. ఒక చోట సరిచేస్తే ఇంకో చోట వంకర వస్తుంది.

పాతస్క్రూ:
ఈసారి నేలమట్టం మాటే నా మాట. ఆ వణుకు వంకరతోనే ఆగదు. గైరో కూడా ఆ వణుకుని కదలిక అనుకుని తికమక పడుతుంది, స్క్రూలు వదులవుతాయి. షాఫ్ట్ మార్చేటప్పుడు పెద్ద గేర్ పళ్లు కూడా ఒక్కొక్కటే చూడు. ఒక పన్ను నలిగినా థ్రాటిల్ పెంచినప్పుడు కరకరమని జారుతుంది.

కొత్తగాలి:
నాదీ చెప్పొచ్చా? కోయాక్సియల్. నాలుగు రెక్కలూ కొత్తవి వేశాను. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా నేల మీదే గిరగిరా తిరుగుతోంది, లేవదు.

గిరగిర:
ఇది నాకు తెలుసు! రెక్కల మీద చిన్న అక్షరాలు ఉంటాయి చూడు, "ఎ", "బి" అని. పై జత ఒకటి, కింది జత ఒకటి. రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి వంపులు కూడా ఎదురే. తారుమారు వేస్తే గాలిని పైకి తోస్తాయి. మందంగా, గుండ్రంగా ఉన్న అంచు తిరిగే దిక్కుకి ముందు ఉండాలి.

కొత్తగాలి:
పై జతకి "బి" వేశాను 🙈 మార్చాను, లేచింది. మీరు దేవుడు.

తూనీగ:
గిరగిరా, అదరగొట్టావు.

చిన్నరెక్క:
కొత్త షాఫ్ట్ వచ్చింది, వేశాను. వణుకు పోయింది! స్కిడ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చప్పుడు కూడా మారింది, ముందు గరగరలాడేది, ఇప్పుడు తేనెటీగలాగా ఒకటే శ్రుతి.
ఒక సందేహం. ఫ్లైబార్ కడ్డీ చివర చిన్న బరువులు ఉన్నాయి. అవి ఎందుకు? పడినప్పుడు ఒకటి ఊడింది, తిరిగి పెట్టాను.

పాతస్క్రూ:
మంచి ప్రశ్న, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.
ఆ బరువులు తిరుగుతున్నప్పుడు బొంగరంలా తమ తలాన్ని వదలవు. గాలి తగిలి ఒళ్లు వాలినా బార్ మాత్రం ముందున్న తలంలోనే తిరుగుతూ ఉంటుంది. అది ఒక చిన్న లింకుతో రెక్కలకి కలిసి ఉంటుంది కాబట్టి ఒళ్లు వాలగానే రెక్కల కోణం మార్చి మళ్లీ నిలబెడుతుంది. నీ వేలు కదిలేలోపే అది పని మొదలుపెడుతుంది.
ఇది బొమ్మల కోసం పుట్టింది కాదు. ఆర్థర్ యంగ్ అనే ఆయన చిన్న నమూనాలు చేసి ఎగరేస్తూ ఏళ్ల తరబడి దీన్ని పట్టుకున్నాడు. తర్వాత బెల్ కంపెనీలో చేరి దాన్నే అసలు హెలికాప్టర్‌కి పెట్టాడు. దాన్నుంచి వచ్చిందే బెల్ 47, 1946లో పౌర వాడకానికి అనుమతి పొందింది. అంటే నీ చేతిలో ఉన్న చిన్న బార్ నమూనాల నుంచి పెద్దదానికి వెళ్లి, మళ్లీ నమూనాకే తిరిగొచ్చింది. నువ్వు రెండు రోజులు కుస్తీ పట్టిన తోక రోటర్‌కీ ఒక కథ ఉంది. ఇగోర్ సికోర్‌స్కీ తన తోక రోటర్ హెలికాప్టర్ వీఎస్-300ని 1939లో తాళ్లతో నేలకి కట్టి మరీ లేపాడు. ఆయనా కుదుపులతో, వణుకుతో చాలాకాలం పోరాడాల్సి వచ్చింది.
బరువులు రెండూ బార్ మధ్య నుంచి సమాన దూరంలో ఉన్నాయో స్కేలుతో కొలువు. ఒక్క మిల్లీమీటరు తేడా కూడా వణుకు తెస్తుంది. బార్‌ని రెండు వైపులా వేళ్లతో పట్టుకుని హెలికాప్టర్‌ని వేలాడదీస్తే ముక్కు మట్టంగా గాని, ఇసుమంత కిందికి గాని ఉండాలి. తోక కిందికి వాలితే బ్యాటరీని ముందుకు జరుపు.

చిన్నరెక్క:
వీఎస్-300 సంగతి చదివి ధైర్యం వచ్చింది సార్.
బరువులు కొలిచాను, సమానం. మిషన్ ఇప్పుడు పక్కాగా ఉంది, ఇక నా చేతులే. జానెడు ఎత్తులో నిలబెడదామంటే అటూ ఇటూ జారిపోతుంది, నాలుగు సెకన్లు ఆగట్లేదు. ఎత్తుకి లేపాలంటే పడుతుందని భయం.

లిపోరాణి:
భయపడి కిందే ఉంచడమే కష్టానికి కారణం. రోటర్ ఎంత వెడల్పో దాదాపు అంత ఎత్తులోపు రెక్కల గాలి నేలకి కొట్టుకుని తిరిగి హెలికాప్టర్ కిందికే వస్తుంది. గాలి దిండు మీద కూర్చున్నట్టు ఉంటుంది, అన్ని వైపులా జారుతుంది. మోకాలి పైకి, వీలైతే నడుము ఎత్తుకి తీసుకెళ్లు. అక్కడ చాలా నెమ్మదస్తురాలు. గోడల నుంచి కూడా కనీసం రెండు మీటర్లు దూరంగా ఉండు. ఫ్యాన్ ఆపెయ్యి.

నేలమట్టం:
స్కిడ్ల కింద రెండు సన్న కర్రలు ఇంటూ గుర్తులా కట్టి, నాలుగు కొసలకీ పింగ్‌పాంగ్ బంతులు పెట్టు. పక్కకి దిగినా బోర్లా పడదు. నేను నేర్చుకున్నది అలాగే.

తూనీగ:
పెద్దవాటికి అది చాలా మంచిది. ఇంత చిన్నదానికి బంతుల బరువే భారం, స్టిక్‌కి జవాబు ఆలస్యంగా ఇస్తుంది. నేనైతే సిమ్యులేటర్ అంటాను. కంప్యూటర్లో రోజుకి అరగంట. పడితే ఒక బటన్ నొక్కితే మళ్లీ లేస్తుంది.

నేలమట్టం:
సిమ్యులేటర్లో భయం ఉండదు తూనీగా. నిజంగా చెయ్యి వణికేటప్పుడు నేర్చుకున్నదే ఉంటుంది. బంతులకి బదులు చిన్న తేలిక స్పాంజి ముక్కలు పెట్టుకోవచ్చు.

తూనీగ:
స్పాంజి ఆలోచన బాగుంది, అది ఒప్పుకుంటా. సిమ్యులేటర్ మాత్రం వదలను.

పాతస్క్రూ:
రెండూ చెయ్యి, తప్పేం లేదు. వీటన్నిటికంటే ముందు ఒక్క అలవాటు చేసుకో. ఏదైనా తగలబోతోంది అనిపించిన క్షణంలోనే థ్రాటిల్ సున్నాకి. తగిలాక కాదు, తగలకముందే. తిరిగే రెక్కే విరుగుతుంది, ఆగిన రెక్క ఏమీ కాదు. ఇరుక్కుపోయిన మోటారుకి కరెంటు ఇస్తూనే ఉంటే బోర్డు మీద దాన్ని నడిపే ట్రాన్సిస్టర్లు మాడిపోతాయి. అప్పుడు నిజంగానే బోర్డు మార్చాలి. చేతి పొడుగు దూరంలో పడేసి అలవాటు చేసుకో, మెత్తటి చోట. బొచ్చు తివాచీ మాత్రం కాదు!
తోక ఎప్పుడూ నీ వైపు ఉండాలి. కళ్లు ముక్కు మీద పెట్టు, తోక మీద కాదు. స్టిక్‌ని కొంచెం తోసి వెంటనే మధ్యకి తెచ్చెయ్యి. అది కదిలేదాకా తోసి పట్టుకున్నావంటే అప్పటికే ఎక్కువైపోయినట్టు.

లిపోరాణి:
ఇంకోటి, టైమర్ పెట్టుకో. 4 నిమిషాలకి దించి కొలువు. దిగాక కాసేపటికి 3.7 వోల్టుల దగ్గర ఉంటే సరైన చోట ఆపినట్టు. ఎగురుతుండగా 3.0 కిందికి పోతే సెల్ లోపల దెబ్బ తింటుంది, ఉబ్బుతుంది. ఉబ్బిందాన్ని మళ్లీ చార్జ్ పెట్టొద్దు, ఎంత చిన్నదైనా సరే. దిగగానే వేడిమీద కూడా చార్జ్ పెట్టకు, చల్లారనివ్వు. వారం రోజులు వాడవంటే 3.8 దగ్గర ఉంచి పక్కన పెట్టు.

చిన్నరెక్క:
నిన్న స్పాంజి ముక్కలు కట్టి, నడుము ఎత్తుకి తీసుకెళ్లాను. మొదటి బ్యాటరీ అంతా భయమే. రెండో బ్యాటరీలో ఒక్కసారిగా చేతికి తెలిసిపోయింది, స్టిక్ కదుపుతున్నానో లేదో కూడా తెలియకుండా అది నా ముందు నిలబడింది. ఇంట్లోవాళ్లు గడియారం చూశారు, 40 సెకన్లు! రెండుసార్లు పడింది, రెండుసార్లూ తగలకముందే థ్రాటిల్ తీసేశాను. ఏమీ కాలేదు. తోక సందు ప్రతిసారీ టార్చి వేసి చూస్తున్నా.

గిరగిర:
40!! నాకు వారం పట్టింది.

నేలమట్టం:
స్పాంజి 😀

చిన్నరెక్క:
ముక్కు నావైపు తిప్పి నిలబెట్టాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి? ఒకసారి పొరపాటున తిరిగింది, కుడి ఎడమలు తారుమారై కింద పడేశాను.

పాతస్క్రూ:
తోక నీవైపు ఉంచి బ్యాటరీ మొత్తం నిలబెట్టగలిగాక. ఒకేసారి వెనక్కి తిప్పకు. ముందు ముక్కుని కాస్త కుడికి తిప్పి నిలబెట్టు, రెండు మూడు బ్యాటరీలు. తర్వాత అదే ఎడమకి. తర్వాత పూర్తిగా పక్కకి. ప్రతిసారీ ఇబ్బంది అనిపించగానే తోకని మళ్లీ నీవైపు తెచ్చుకో. ముక్కు పూర్తిగా నీవైపు వచ్చినప్పుడు ఒక కిటుకు: అది నీ కళ్లకి ఎటు జారుతుంటే స్టిక్ అటే తొయ్యి, పడబోయేదానికి కింద చెయ్యి అడ్డుపెట్టినట్టు.

చిన్నరెక్క:
ఎటు పడుతుంటే అటే. రాసి గోడకి అంటించాను. రెండు బ్యాటరీలు చల్లారుతున్నాయి, సాయంత్రం కుడివైపుతో మొదలుపెడతా.